పేదవాని వైద్యం: దానమా, హక్కా?

జుమా నమాజు ముగిశాక మస్జిద్ గుమ్మం దగ్గర ఒక సోదరుడు రుమాలు పరచి నిలబడటం మనందరికీ తెలిసిన దృశ్యమే. చేతిలో ఆసుపత్రి కాగితాలు ఉంటాయి. భార్యకు ఆపరేషన్ అంటాడు, లేదా బిడ్డకు గుండెజబ్బు అంటాడు. మనం జేబులోంచి పదో ఇరవయ్యో తీసి వేస్తాం, సదఖా చేశామన్న తృప్తితో ఇంటికి వెళతాం. ఆ తృప్తి తప్పని అనడం లేదు. కాని అతను మన ముందు చెయ్యి చాచవలసిన స్థితి ఎందుకు వచ్చిందని మనం ఎన్నడైనా అడిగామా? పేదవాని వైద్యం మనం దయతలచి చేసే దానమా, ప్రజల ఖజానా నుంచి అతనికి అందవలసిన హక్కా?

నాగల్‌గిద్దనే తీసుకుందాం. నారాయణఖేడ్ ప్రాంతంలో కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరులో కొత్త జిల్లాలతోపాటు మండల కేంద్రమైంది. 1956 వరకు నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో తాలూకా ఇటు వచ్చింది, బీదర్ పట్టణం అటు పోయింది. జ్వరానికి, పురిటి నొప్పులకు ఈ గీత తెలియదు. ఏటా చెరకు కోతకు వలసపోయే కుటుంబాలున్న ప్రాంతమిది. తండాలవారూ, మన ముస్లిం కూలీలూ అందులో ఉన్నారు. దగ్గరలో డాక్టరు లేకపోతే నారాయణఖేడ్, అక్కడ కాకపోతే సంగారెడ్డి, అదీ దాటితే హైదరాబాద్. ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ ఉచితమే కావచ్చు, ఆటో ఉచితం కాదు. తోడు వెళ్ళినవాని కూలి ఎలాగూ పోతుంది. అందుకే చాలామంది రోగం ముదిరేదాకా ఇంట్లోనే పడి ఉంటారు.

మరి ఇటువంటి చోట ఆసుపత్రిని నడిపే బాధ్యత ఎవరిది? జకాత్ ఉంది కదా అని కొందరు సోదరులు అంటారు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలు పేర్కొనబడ్డాయి. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్మును అర్హుడైన వ్యక్తి చేతికిచ్చి అతణ్ణి దానికి యజమానిని చేయాలి. పేద రోగి మందులకు ఇవ్వవచ్చు గాని ఆ సొమ్ముతో ఆసుపత్రి గోడలు కట్టడం, డాక్టరు జీతం చెల్లించడం కుదరదు. ఈ కాలపు పండితులలో కొందరు దీనికి అనుమతి ఇచ్చారు, ఆ చర్చ వేరు. మనం గమనించవలసింది ఏమిటంటే, రోగి చేతికి అందే సహాయం వేరు, రోగి నడిచి వెళ్ళే ఆసుపత్రి వేరు. రెండవదానికి మన పూర్వీకులు ఎంచుకున్న మార్గాలు వక్ఫ్, పాలకుని ఖజానా.

దైవప్రవక్త (స) కాలంలో ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)కు చికిత్స జరిగింది మస్జిదె నబవీలో వేసిన గుడారంలోనే. తర్వాతి కాలంలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కైరోలో కట్టించిన ఆసుపత్రికి దుకాణాలు, భూముల ఆదాయం వక్ఫ్‌గా రాసి ఇవ్వబడింది. ధనికుడు, పేదవాడు, ఊరివాడు, పరదేశి అనే తేడా లేకుండా అందరికీ అక్కడ చోటుండేది. రుమాలు పరిచే అవసరం లేని ఏర్పాటు అది.

హజ్రత్ ఉమర్ (రజి) చరిత్రలో ఇంతకంటే స్పష్టమైన ఘట్టం ఉంది. బిచ్చమెత్తుకుంటున్న ఒక యూద వృద్ధుణ్ణి చూసి ఆయన బైతుల్ మాల్ నుంచి అతనికి భృతి ఏర్పాటు చేశారని ఇమామ్ అబూ యూసుఫ్ తన గ్రంథం కితాబుల్ ఖరాజ్‌లో పేర్కొన్నారు. వయసులో ఉన్నప్పుడు అతని నుంచి పన్ను తీసుకొని, ముసలితనంలో వదిలిపెట్టడం అన్యాయమన్నది ఖలీఫా వాదన. ఇందులో దయ మాట లేదు. తీసుకున్నదానికి తిరిగి ఇవ్వవలసిన బాకీ మాట ఉంది. నాగల్‌గిద్ద కూలీ కూడా సబ్బు కొన్నా, బండిలో పెట్రోలు పోయించినా పన్ను కడుతూనే ఉన్నాడు.

మన హైదరాబాదులోనూ ఇందుకు ఆనవాళ్ళున్నాయి. 1949లో తన పరిచారిక ప్రసవ సమయంలో మరణించడంతో యువరాణి నీలోఫర్ కలత చెందారు. ఆ బాధలోంచి పుట్టిన ఆసుపత్రి 1953లో మొదలై నేటికీ ప్రభుత్వ ఆధ్వర్యంలో తల్లీబిడ్డలకు వైద్యం అందిస్తోంది. ఒక దుఃఖం ఆనాడు కన్నీటితో ఆగిపోలేదు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారా? 2007లో మొదలైన ఆ పథకం పెద్ద ఆపరేషన్ల విషయంలో ఎన్నో కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అయితే కార్డు డాక్టరు కాదు. ఆ డబ్బు రోగం పెద్దదయ్యాక పట్నంలోని ఆసుపత్రికి చేరుతుంది. మారుమూల మండలంలో రాత్రి పదకొండుకు నొప్పులొచ్చిన స్త్రీకి కావలసింది దగ్గరలో ఒక నర్సు, ఒక గది, ఒక వాహనం. పైగా 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్నాళ్ళు ఆరోగ్యశ్రీ సేవలు ఆపిన సంగతి మనం చూశాం. 2025 నాటికి ప్రభుత్వాలన్నీ కలిసి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతం ఆరోగ్యానికి ఖర్చు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2021-22 లెక్కల్లో అది 1.84 శాతమే. ఆ ఏడాది దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39.4 శాతం ప్రజల జేబుల నుంచే పోయింది.

ప్రభుత్వాన్ని నిందించి ఊరుకోవడం సులభం. మనలో కాస్త సంపాదన ఉన్నవారం ఎప్పుడో ప్రైవేటు ఆసుపత్రుల బాట పట్టాం. ప్రభుత్వ ఆసుపత్రిలో మన బిడ్డ లేడు కాబట్టి అక్కడ మందులు లేకపోయినా మనకు నిద్ర పడుతుంది. నోరున్నవాళ్ళం వెళ్ళిపోయాక అక్కడ మిగిలింది నోరులేనివాళ్ళు. రుమాలులో వేసిన ఇరవై రూపాయలు ఆ మౌనానికి పరిహారం అవుతాయా? అల్లాహ్ ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి ఉంటుందని మనకు భయం వేయాలి.

మస్జిద్ కమిటీలు ఇఫ్తార్ విందులకు నాయకులను ఆహ్వానిస్తూనే ఉంటాయి. శాలువా కప్పేటప్పుడే మండలంలో ఎన్ని డాక్టరు పోస్టులున్నాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, రాత్రిపూట ఎవరుంటారు అని కాగితం మీద రాసి చేతికివ్వడానికి అడ్డేమిటి? ఆ కాగితం మీద తండా నాయక్ సంతకం, పక్క వీధి హిందూ సోదరుని సంతకం కూడా ఉంటే మరీ మంచిది. రుమాలు పరచిన సోదరునికి ఇచ్చేది ఇస్తూనే ఉందాం. అతని కాగితాలను కూడా ఒకసారి చదువుదాం. ఏ ఊరి నుంచి బయలుదేరి, ఏయే ఆసుపత్రులు దాటి, ఎన్నో రోజున వైద్యం అందిందో వాటిలోనే రాసి ఉంటుంది.