దుఃఖితుల కలంకారమేల?

దుఃఖమునం దున్నవారు రుచియైన భోజనమును, రంగుల వస్త్రములను, ముచ్చటైన చిన్న వస్తువులను కోరుట తగదని కొందరు పెద్దల మతము. ఇది ధర్మమా? మెక్సికో దేశపు చిత్రకారిణి ఫ్రీడా కాలో (1907–1954) చరిత్రమును బట్టి మేమీ మాటను విచారింతుము.

బాల్యమున పోలియోచే నామె కుడికాలు సన్నగిల్లెను. 1925లో బస్సు ప్రమాదమున వెన్నెముక విరిగెను. మరణపర్యంతము బాధ యామెను విడువలేదు. అయినను కొయోవకాన్‌లోని నీలిగోడల యింట నామె బల్లపై పూలమర్చి విందులు సేయుచుండెను. భర్తయగు డియేగో రివేరాకు ప్రియమైన వంటకములను అతని పూర్వభార్యయొద్దనే నేర్చుకొనెను. ఆపద గడచిన సామాన్యభక్తులు కృతజ్ఞతతో వ్రాయించిన చిన్న రేకు చిత్తరువులను వందలకొలది కూర్చెను. టెవాంటెపెక్ స్త్రీలు కట్టు రంగుల పావడలను ధరించెను. 1953లో వైద్యులు కాలు తొలగింపగా, కృత్రిమపాదమునకు చిరుగంటగల యెఱ్ఱని బూటు తొడిగెను.

ఇది యాత్మవంచన యందురా? పావడ కాలిని దాచినమాట నిజమే. కాని 1944లో తన్ను తాను చిత్రించుకొన్నప్పుడు విరిగిన వెన్నును, ఒడలినిండ నాటిన మేకులను, కన్నీటిని ఆమె దాచలేదు. ఇంటి చిన్నసుఖములు సత్యమును చూచు శక్తిని తగ్గింపలేదు. దినమంతయు బాధకే యీయక, అందొక భాగమును వంటకును వస్త్రమునకును ఆమె మిగుల్చుకొనెను.

దుఃఖితురాలి కంచమునుండి రుచిని, కట్టునుండి రంగును తీసివేసినంత మాత్రమున దుఃఖమునకు గౌరవము కలుగదు. అట్టి నిషేధ మే యింటనైన మిగిలియున్నచో, దానిని విధించువారే కారణము చెప్పవలయును.