పర్ణశాల వాకిట భిక్షువు: దానానికి ఆధారమేది?

దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డున ఉన్న పర్ణశాల, స్థానిక విశ్వాసం ప్రకారం, సీతాపహరణం జరిగిన చోటు. అక్కడ రావణుడు రాక్షసరూపంతో రాలేదు, భిక్షువై వచ్చాడు. యాచకవేషం చుట్టూ అల్లుకున్న కథలు దానధర్మానికి ఏ ఆధారాన్ని చూపుతున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇలాంటి కథలలో యాచకుడు తరచుగా మారువేషంలోని దైవమే. పోలండు జానపద కథలలో క్రీస్తు, పీటరు బిచ్చగాళ్ళుగా ఊళ్ళు తిరుగుతారు. ఆదరించిన పేదకు మేలు, తరిమిన ధనికునికి కీడు కలుగుతాయి. శ్రీనాథుని హరవిలాసంలో శివుడు అతిథిగా వచ్చి చిరుతొండనంబిని కన్నకొడుకు మాంసమే కోరాడు. చివరకు ఆ బిడ్డను బ్రతికించాడు. పరీక్షల తీవ్రత వేరైనా సూత్రం ఒక్కటే: వచ్చినవాడు దేవుడు కావచ్చు, కనుక పెట్టవలెను.

పర్ణశాల కథ ముందు ఈ సూత్రం నిలవదు. వాల్మీకి రామాయణంలో సీత ఆ వచ్చినవానికి ఆసనమిచ్చి, పాద్యమిచ్చి, భోజనానికి ఆహ్వానించింది. పలకకపోతే శపిస్తాడేమోనన్న శంక కూడా ఆమెకు కలిగింది. అంటే అతిథిధర్మంలో భయానికీ పాలున్నదని ఆదికవి గుర్తించాడు. వాల్మీకంలో లేని లక్ష్మణరేఖ తరువాతి కథనాలలో ప్రసిద్ధమైంది. ఆ గీత చేరిన తరువాత దోషంలో కొంత వంచించినవానిని విడిచి, భిక్ష పెట్టబోయిన చేతిమీదికి జరిగింది.

ఫలితమే ప్రమాణమైతే సీత ఆదరణ పొరపాటనవలసి వస్తుంది. బలిచక్రవర్తి దానమూ అంతే. వామనుడెవరో శుక్రాచార్యుడు చెప్పినా, బలి తెలిసే ఇచ్చాడు; సీత తెలియకనే ఆదరించింది. ఇద్దరూ నష్టపోయారు. అయినా వారి చర్యలను మనం ధర్మంగానే భావిస్తున్నాం. కాబట్టి దానధర్మం పుచ్చుకొనేవాడెవరన్న దానిమీద గాని, దాతకు దక్కే ఫలం మీద గాని ఆధారపడదు. దాతకు జాగ్రత్త అక్కరలేదని దీని అర్థం కాదు. మోసం జరిగినప్పుడు దోషం మోసగానిదే గాని ఆదరించినవారిది కాదని మాత్రమే.

ఈ కథలన్నిటిలోనూ ఒక లోటున్నది. వేషం తొలగితే దైవమో రాక్షసుడో బయటపడతాడు. నిజంగా ఆకలిగొన్న మనిషికి అక్కడ చోటు లేదు. వాకిట నిలిచినవాడు యాచకుడు తప్ప మరెవరూ కానప్పుడు సైతం పెట్టగలగడమే దానానికి అసలైన పరీక్ష.