మద్దెల నిజంగానే ఓడైతే?

"ఆడలేక మద్దెల ఓడు" అనే సామెత మనందరికీ తెలిసిందే. ఆట చేతకానివాళ్లు మద్దెల పగిలిందని సాకు చెప్తారని దాని అర్థం. చిన్న తరగతుల నుంచి ఈ సామెతని సొంత వాక్యాల్లో ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. కానీ ఒక ప్రశ్న మాత్రం నాకు ఈ సంవత్సరమే తట్టింది. ఒకవేళ మద్దెల నిజంగానే ఓడైతే? అప్పుడు ఆ మాట అన్నవాడి గతేమిటి? విని నవ్వినవాళ్ల సంగతేమిటి?

నేను చెప్పబోయే మద్దెల తోలుతో చేసింది కాదు, రబ్బరుతో చేసింది. మా మామయ్య లైట్ మ్యూజిక్ పార్టీలో రిథమ్ వాయిస్తారు. ఆయన కొత్తది కొనుక్కుని, తన పాత డ్రమ్ ప్యాడ్ కంట్రోలర్ నాకు ఇచ్చారు. నాలుగు వరసల్లో పదహారు రబ్బరు ప్యాడ్లు ఉంటాయి. 1988లో అకాయ్ కంపెనీ కోసం రోజర్ లిన్ రూపొందించిన ఎంపీసీ60 అనే యంత్రం వల్ల ఈ పదహారు ప్యాడ్ల రూపం ప్రసిద్ధి అయింది.

ఈ కంట్రోలర్‌కి సొంత గొంతు లేదు. దెబ్బ ఏ ప్యాడ్ మీద పడింది, ఎంత జోరుగా పడింది అనే రెండు సంగతులు కంప్యూటర్‌కి అంకెల్లో చెప్తుంది. శబ్దం చేసేది కంప్యూటర్. ఆ అంకెల భాష పేరు మిడి. వేరువేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని 1983లో దాన్ని తెచ్చారు. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ కంపెనీని స్థాపించిన ఇకుతారో కకెహాషి దాని వెనక ముఖ్యులు. 2013లో వాళ్లిద్దరికీ టెక్నికల్ గ్రామీ పురస్కారం వచ్చింది. మిడిలో దెబ్బ జోరుని 1 నుంచి 127 వరకు అంకెలతో చెప్తారు. మెత్తటి దెబ్బకి 20, గట్టి దెబ్బకి 120 వచ్చిందనుకోండి. అసలు ఏ అంకే రాకపోతే, చెయ్యి ఎంత ఆడినా లోకం దృష్టిలో మనం వాయించనట్టే.

ఇక అసలు విషయానికి వస్తాను. వార్షికోత్సవంలో కోలాటానికి తాళం ఎవరు వాయించాలో తేల్చడానికి మా సార్ ఇద్దరిని పిలిచారు. ఒకణ్ణి నేను. రెండోవాడు నా స్నేహితుడు, మృదంగం నేర్చుకుంటున్నాడు. ఇద్దరికీ వాయిద్యం ఒకటే, నా కంట్రోలరే. ముందు నేను ఆదితాళంలో నాలుగు ఆవర్తనాలు వాయించాను. తర్వాత వాడు కూర్చున్నాడు. వాడి వేళ్లు కదులుతున్నాయి గానీ స్పీకర్‌లో చాలా దెబ్బలు వినపడలేదు. "సార్, ఈ ప్యాడ్ పలకట్లేదు" అన్నాడు. వెనక నుంచి ఎవరో "ఆడలేక మద్దెల ఓడు!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సార్ వాడితో "ఇంకొంచెం అభ్యాసం చెయ్యి నాయనా" అని చెప్పి నన్ను ఎంపిక చేశారు.

కింది వరసలో మూడో ప్యాడ్, నాలుగో ప్యాడ్ మెత్తటి దెబ్బని తీసుకోవని నాకు ముందే తెలుసు. రోజూ వాయిస్తాను కాబట్టి వాటిని రెండు వేళ్లు కలిపి గట్టిగా కొట్టడం అలవాటైపోయింది. వాడికి ఆ సంగతి తెలీదు. నేను చెప్పలేదు. అబద్ధం ఆడలేదు, అది నిజమే. కానీ నిజమూ చెప్పలేదు.

వార్షికోత్సవం అయిపోయింది, చప్పట్లు కూడా వచ్చాయి. సెలవుల్లో ఆ రెండు ప్యాడ్లు మార్పిద్దామని మామయ్య నన్ను మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్లారు. ఆ మోడల్‌కి రబ్బరు దొరకలేదు. ఒక కొట్టాయన మాత్రం "కొత్తది ఎందుకు? కింద టేపు వేసి చూడండి" అన్నాడు. ఇంటికొచ్చి అడుగున ఉన్న స్క్రూలన్నీ విప్పాం. రబ్బరు ప్యాడ్ల కింద పల్చటి సెన్సార్ షీటు ఉంది. అందులో రెండు పొరలు ఉంటాయి. పైనుంచి నొక్కితే పొరలు ఒకదానికొకటి ఎక్కువగా ఆనుకుంటాయి, కరెంటుకి అడ్డు తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి యంత్రం అంకె వేస్తుంది. పాతబడి ఆ రెండు చోట్లా రబ్బరు అణిగిపోయింది. రబ్బరుకీ సెన్సార్‌కీ మధ్య సందు ఏర్పడింది. మెత్తటి దెబ్బ ఆ సందు దాటేలోపే అయిపోతోంది.

రబ్బరు అడుగున చిన్న చదరంగా కత్తిరించిన ఇన్సులేషన్ టేపు రెండు పొరలు అతికించాం. మళ్లీ బిగించి స్క్రీన్ మీద అంకెలు చూశాను. ఇంతకుముందు వేలితో తాకితే ఏమీ రాని చోట ఇప్పుడు 25, 30 వస్తున్నాయి. సంతోషం ఒక్క నిమిషమే ఉంది. తర్వాత కడుపులో ఏదోలా అయింది. ఆ రోజు నా స్నేహితుడు వాయించాడన్నమాట. వినంది ప్యాడ్.

ఇక్కడే నాకు మొదటి ప్రశ్న వచ్చింది. వాయిద్యాన్ని ఇలా మార్చుకోవడం న్యాయమేనా? చేతిని సాధన చేసి మార్చుకోవాలి గానీ, వాయిద్యాన్ని చేతికి తగ్గట్టు మార్చుకోవడం దొంగదారి కాదా?

దీనికి జవాబు మన చెన్నైలోనే ఉంది. మార్గశిర మాసంలో కచేరీలకి వెళ్లేవాళ్లు చూసే ఉంటారు. మృదంగ విద్వాంసుడు కచేరీ ముందు ఎడమ మూతకి తడిపిన రవ్వ ముద్ద అతికిస్తారు, అయిపోయాక గీకేస్తారు. గుంభనమైన నాదం రావడానికే అది. కుడి మూత శ్రుతి కలపడానికి అంచు మీద రాయితో తడతారు. అసలు ఆ మూతలు తయారు కావడానికే ఆవు, మేక, గేదె తోళ్లు కావాలి. ఏ తోలు ఎంత మందం ఉండాలో, కరణ ఎలా పెట్టాలో చేసేవాళ్ల చేతికే తెలుస్తుంది. టి.ఎం. కృష్ణ 2020లో వచ్చిన తన "సెబాస్టియన్ అండ్ సన్స్" పుస్తకంలో ఈ పనివాళ్ల గురించే రాశారు. పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటి విద్వాంసుడు కూడా తంజావూరుకి చెందిన పర్లాందు అనే పనివాడితో కలిసి తన మృదంగాల నాదం కోసం ఎంతో శ్రమపడ్డారు. అంత గొప్ప చెయ్యికే మంచి మూత కావాల్సి వచ్చిందంటే, వాయిద్యాన్ని బాగు చేసుకోవడం తప్పు కాదు. ఆ పుస్తకం గుర్తుచేసేది ఇంకోటి కూడా ఉంది. చప్పట్లు చేతికే పడతాయి, మూత చేసినవాడి పేరు ఎవరూ తలచుకోరు.

అయితే ఎంత మార్చినా తప్పు కాదా? అది రెండో ప్రశ్న. టేపు పని చేసిన ఉత్సాహంలో నేను ఇంకో మూడు పొరలు వేశాను. రబ్బరు ఎప్పుడూ సెన్సార్‌ని నొక్కుతూనే ఉండటంతో, పక్క ప్యాడ్ కొడితే ఇది కూడా మోగడం మొదలైంది. ముట్టుకోకుండానే మోగే ప్యాడ్ కూడా అబద్ధమే చెప్తోంది కదా. దానికంటే తియ్యటి అబద్ధం ఇంకోటుంది. చాలా కంట్రోలర్లలో 'ఫుల్ లెవెల్' అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే ఎలా కొట్టినా 127 వస్తుంది. వణికే చెయ్యి, తడబడే చెయ్యి, పదేళ్లు సాధన చేసిన చెయ్యి అన్నీ ఒకటే అయిపోతాయి. కొన్ని రకాల పాటలకి అది అవసరమే, దాన్ని తప్పు పట్టను. కానీ చేతి పనితనం చూపించాల్సిన చోట దాన్ని నొక్కితే అది ముఖస్తుతి చేసే అద్దంలాంటిది. అందుకని నేనొక హద్దు పెట్టుకున్నాను. చెయ్యి చేసింది చేసినట్టు చెప్పేలా ప్యాడ్‌ని మార్చడం బాగుచేయడం. చెయ్యి చేయనిదాన్ని చేసినట్టు చెప్పేలా మార్చడం మోసం. అదనపు పొరలు పీకేసి మళ్లీ రెండే ఉంచాను.

మూడో ప్రశ్న అన్నిటికంటే కష్టం. ఇద్దరికీ ఒకే ప్యాడ్ ఇచ్చారు కదా, అది సమానమే కదా? మామయ్య అదే అన్నారు. "వేదిక మీద ప్యాడ్ పలకలేదని జనానికి చెప్పుకుంటామా? ఉన్నదాంతో నెట్టుకురావాలి. అదీ విద్యలో భాగమే రా" అన్నారు. ఎన్నో ఊళ్లలో, ఎన్నో పాడైపోయిన మైకుల ముందు వాయించిన మనిషి ఆయన. ఆ మాటలో నిజం లేదని అనలేను.

చాలా రోజులు ఆలోచించాక నాకు తోచింది ఇది. వేదిక వేరు, త్రాసు వేరు. వేదిక మీద కళాకారుడు తన వాయిద్యానికి తనే పూచీ. కానీ ఇద్దరిలో ఎవరు మేలో తూచేటప్పుడు, ఆ త్రాసు సరిగ్గా ఉందా లేదా అన్న పూచీ తూచేవాళ్లది, త్రాసు తెచ్చినవాళ్లది. త్రాసు నాది. లోపం నాకు తెలుసు, వాడికి తెలీదు. అలాంటప్పుడు ఒకే ప్యాడ్ ఇద్దరి ముందూ ఉన్నా అది ఇద్దరికీ ఒకటి కాదు. కొట్టులో రాయి తక్కువ తూగుతుందని తెలిసీ నోరు మూసుకున్న వ్యాపారికీ నాకూ తేడా ఏముంది?

సెలవుల్లోనే వాడి ఇంటికెళ్లి చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. "ప్యాడ్ సంగతి నాకు అప్పుడే అర్థమైందిరా. నువ్వు నవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు. నాకు జవాబు రాలేదు. తర్వాత వారం మా ఇంటికొచ్చి బాగుచేసిన ప్యాడ్ల మీద వాయించాడు. ఆదితాళంలో మెత్తటి దెబ్బలు ఒక్కొక్కటీ వినపడ్డాయి. నాకంటే బాగా వాయించాడని ఇక్కడ రాయడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంది, అయినా రాస్తున్నాను. బడి తెరిచాక సార్‌కి కూడా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇక మీదట ముందు నేను ప్యాడ్లన్నీ కొట్టి చూసుకుంటాను" అన్నారు.

అప్పటి నుంచి తరగతిలో కూడా గమనిస్తున్నాను. మెల్లగా మాట్లాడే పిల్లలు కొందరుంటారు. జవాబు తెలిసినా వాళ్ల గొంతు ముందు బెంచీ దాటదు. "వీడికి రాదు" అనేస్తాం. బహుశా వాడు చెప్పే ఉంటాడు. మన చెవి దగ్గరే సందు ఉందేమో. టేపు వాడికి కాదు, మనకి కావాలేమో.

సామెత అబద్ధమని నేను అనను. సాకులు చెప్పేవాళ్లు ఉన్నారు, నేనూ చాలాసార్లు చెప్పాను. కానీ ఎవరైనా మద్దెల ఓడు అన్నప్పుడు నవ్వే ముందు ఒకసారి ఆ మద్దెల మీద మనమూ మెత్తగా తట్టి చూద్దాం. పలికితే అప్పుడు నవ్వొచ్చు.