గుండెపోటు తరువాతి దిగులు భక్తిలోపమా?

తెలుగువారు ధైర్యమునకు గుండెనే నెలవుగా చెప్పుదురు. భీతిల్లినవానికి గుండె జారినదందురు. కష్టమునకు నిలిచినవానిది గుండె దిటవందురు. అందువలన గుండెపోటునుండి బయటపడినవాడు దిగులుపడినచో చూచువారికది పిరికితనముగా తోచును. భక్తుల ఇండ్లలో మరియొక మాటయు తోడగును: ఎదపై ఇష్టలింగముండగా భయమేల అని. సదుద్దేశముతో అడిగినదే అయినను, రోగి దానిని నిందగానే వినును.

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెలలో ఇట్టి రోగిని గుర్తించుట కష్టము కాదు. 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైన పిమ్మట పేద కుటుంబములకును గుండె చికిత్స అందుబాటులోనికి వచ్చినది. స్టెంటు వేయించుకొని రైతు ఇల్లు చేరును. మాఘ ఫాల్గుణములలో కళ్లమునిండ మిరపకాయలు ఎర్రగా పరచియుండును. ఆయన మాత్రము అరుగుపై కూర్చుండును. బస్తా ఎత్తరాదు, ఎండకు పోరాదు. కౌలు బాకీ, పురుగుమందుల కొట్టు పద్దు ఎవరును ఆయన ముందు ఎత్తరు. గుండెకు మంచిది కాదని లోపలి గదిలో గుసగుసలాడుదురు. ఆ గుసగుసలే ఆయనను ఎక్కువ భయపెట్టును. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చును. ఛాతీలో చిన్న పోటు తగిలినను మృత్యువే వచ్చినదని చెమటలు పట్టును. నడచిన గుండె ఆగునేమోనని నడక మానును; ఇక ఎందుకని మాత్రలును మానును. చూచువారు ఇది కోపమనుకొందురు, ముసలితనమనుకొందురు.

వైద్యశాస్త్రము దీనిని రోగమనియే చెప్పుచున్నది. గుండెపోటు వచ్చినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటు కలుగును. 1993లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 222 మంది రోగులను ఆరు మాసములు పరిశీలించి, కుంగుబాటు గలవారిలో మరణములు పలురెట్లు అధికమని ప్రకటించిరి. దిగులు మనస్సుననే నిలువదు. నాడి వేగము పెరుగును, రక్తము గడ్డకట్టు గుణము హెచ్చును. సెర్ట్రలీన్ అను మందు గుండె రోగులకు క్షేమకరమని 2002లో తేలినది. పాతతరపు మందులలో కొన్ని గుండె లయను చెరచునవి గనుక వైద్యుని అడుగక ఏదియు వాడరాదు.

ఇచట ఒక చిక్కు కలదు. 2003లో అమెరికాలో దాదాపు రెండున్నర వేలమందిపై జరిగిన పరిశోధన ఫలితములు వెలువడినవి. సంభాషణ ద్వారా చేసిన చికిత్స వలన దిగులు కొంత తగ్గినది గాని ఆయువు పెరుగలేదు. మరి ఆ శ్రమ ఎందులకని లెక్కలు చూచువారు అడుగవచ్చును. దేహమునే దేవాలయముగా చెప్పిన బసవేశ్వరుని మార్గమున నడచువారు మాత్రము అడుగరాదు. గుడి ఎన్ని యేండ్లు నిలుచునన్నది ఒక విషయము. నిలిచినన్నాళ్లు అందు దీపము వెలుగుటయు విషయమే.

దుఃఖము భక్తిలోపమా అన్నదానికి ఈ నేలపైనే జవాబు కలదు. నేడు బాపట్ల జిల్లాలోనున్న చందవోలులో, వెలనాటి చోడుని సభలో వాదించినట్లు చెప్పబడు మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని దర్శింప బయలుదేరి, త్రోవలో ఆయన లింగైక్యవార్త విని విలపించెనని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వ్రాసినాడు. ఆ కన్నీటిని కవి దాచలేదు. నిజమే, ఆ శోకము వేరు, ఈ రోగము వేరు. అయినను అంతటి శివభక్తునికి చెల్లిన కన్నీరు మిరప రైతునకు చెల్లదా?

ఇంతకంటె లోతైన బాధ కాయకమునకు సంబంధించినది. పనిచేసియే తినవలెనని నమ్మిన ఇంట పుట్టినవానికి అరుగుపై అన్నము తినుట శిక్షవలె తోచును. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యము ఏరి తెచ్చువాడు. ఒకనాడు అధికముగా తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ మిగులును తిరిగి పోసి రమ్మనెను. కాయకమును బస్తాలతో తూచరాదని ఆ కథ వలన ఎరిగినవారు ఇంటి పెద్దకు తగిన పని ఇయ్యలేరా? నీడన కూర్చుండి తాలుకాయలు ఏరుట, కూలీల లెక్క వ్రాయుట, మనుమని చదివించుట పనులే.

వైద్యుడు అనుమతించిన కొలదిగా నడక రోజురోజుకు పెంచవచ్చును. తోడు వెళ్లువాడు ధైర్యవచనములు పలుకనక్కరలేదు. రాత్రి నిద్ర పట్టినదా అని అడిగి, జవాబు వచ్చువరకు ఆగిన చాలును. మఠమునుండి పరామర్శకు వచ్చు జంగమయ్యలును విభూతి ఇచ్చి వెంటనే లేచిపోక కొంత తడవు కూర్చుండుట మంచిది. రెండు వారములు దాటినను దిగులు వీడనిచో వైద్యునికి చూపవలెను. చావు మాట నోట వచ్చినచో ఒక్క దినమును జాగు చేయరాదు. 2022లో ఆరంభమైన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. కొట్టు పద్దు సంగతియు ఆయన ముందే మాటలాడవలెను. సాగు ఆయనదే, అప్పును ఆయనదే.