మందు తీర్చలేని అప్పు

జరిగిన హానికి చికిత్స చేసినంత మాత్రాన, ఆ హాని చేసినవారి బాధ్యత తీరిపోతుందా? నీతిశాస్త్రం ఈ ప్రశ్నను సాధారణంగా వ్యక్తికి వేసి ఊరుకుంటుంది. సమాజానికి వేసి చూద్దాం.

సీసం విషమన్న సంగతి కొత్తది కాదు. భవనాల లోపలి గోడల రంగుల్లో తెల్లసీసం వాడరాదని, రంగులు వేసే కార్మికుల రక్షణకై, 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసింది. అమెరికా ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించినది 1978లో. నడుమ గడిచినవి 57 ఏళ్లు! స్థోమత గలవారు పాత ఇళ్లు విడిచి పోయారు. పేదలు, అందులోనూ నల్లజాతివారు, ఆ గోడల మధ్యనే మిగిలారు. గోడ పెచ్చు రాలి ధూళి అయింది. ధూళి పాకే బిడ్డ చేతికంటి నోటికి చేరింది. శరీరంలో సీసం కాల్షియం వేషం వేసుకుని ఎదిగే మెదడులో ప్రవేశిస్తుంది.

దీనికి కీలేషన్ అనే చికిత్స ఉన్నది. పీత డెక్కలతో పట్టినట్లు మందు రక్తంలోని లోహాన్ని పట్టుకుని మూత్రం ద్వారా వెళ్లగొడుతుంది. విషం తీవ్రంగా ఎక్కినప్పుడు ఇది ప్రాణం నిలుపుతుంది. దానిని కాదనడం మన ఉద్దేశం కాదు.

కాని మెదడు మాటేమిటి? రక్తంలో డెసిలీటరుకు 20 నుండి 44 మైక్రోగ్రాముల సీసం ఉన్న 780 మంది పసివారిని అమెరికాలో పరీక్షించారు. దాదాపు సగం మందికి సక్సిమర్ అనే మందు, తక్కినవారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఫలితాలు 2001లో వెలువడ్డాయి. మందు పుచ్చుకున్నవారి రక్తంలో సీసం మరింత తగ్గింది. కాని మూడేళ్ల తరువాత బుద్ధి పరీక్షల్లో వారికి ఒనగూరిన మేలేమీ కనిపించలేదు.

అంటే రక్తాన్ని కడగవచ్చు. పోయిన బాల్యాన్ని తిరిగి తేలేము. ఇక్కడే ఒక మాయ ఉన్నది. లాభం కోసం చేసిన అన్యాయానికి "రోగం" అని పేరు పెట్టగానే నేరస్థుడు కనుమరుగై, రోగి ఒక్కడే మిగులుతాడు. అమ్మినవాడు లెక్క చెప్పనక్కరలేదు. తల్లి మాత్రం ఆసుపత్రి చుట్టూ తిరగాలి.

మనమేమీ దూరాన నిలిచి వేలు చూపనక్కరలేదు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదన్న నిబంధన మన దేశంలో వచ్చినది 2016లో, అమలైనది 2017లో. అంతకు ముందు వేసిన గోడలు నేటికీ నిలిచే ఉన్నాయి. ఆ గోడల మధ్య నేడు పాకుతున్న బిడ్డలకు మనం బాకీపడినది మందు కాదు, విషం లేని ఇల్లు. ఆ బాకీ ముందుగానే తీర్చవలసినది. గడువు దాటితే దానిని ఏ వైద్యుడూ తీర్చలేడు.