పేరు పెట్టినవారిదా, పిలిచినవారిదా

వస్తువుకూ దాని పేరుకూ ఉన్న సంబంధం ఎటువంటిదన్నది భారతీయ దర్శనాలలో అతి ప్రాచీనమైన ప్రశ్నలలో ఒకటి. ఆ సంబంధం నిత్యమని మీమాంసకులు అన్నారు. అది సంకేతం వల్ల, అంటే ఈ మాటకు ఈ అర్థమన్న ఏర్పాటు వల్ల కలిగిందని నైయాయికులు వాదించారు. పేరు వ్యవహారం కోసం కల్పించుకున్నదే తప్ప దాని వెనుక స్థిరమైన వస్తువేదీ లేదని బౌద్ధులు చెప్పారు. వేదవాక్యాల ప్రామాణ్యం గురించీ ఆత్మ ఉనికి గురించీ సాగిన ఈ వాదాలకు, థీమ్ పార్కులో నీళ్ల మీద జారే ఒక రైడ్‌కు ఏ పేరుండాలన్న తగవుతో పనేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. అయితే అమెరికాలోని డిస్నీ పార్కులలో ‘స్ప్లాష్ మౌంటెన్’ అన్న రైడ్ ‘టియానాస్ బాయూ అడ్వెంచర్’గా మారినప్పుడు అభిమానుల మధ్య చెలరేగిన వాదాన్ని దగ్గరగా పరిశీలిస్తే, ఇరుపక్షాలవారూ తమకు తెలియకుండానే ఆ పాత ప్రశ్నలనే మళ్లీ ముందుకు తెచ్చారని తేలుతుంది. పేరు మీద హక్కు ఎవరిది, పేరు మారితే వస్తువు కూడా మారుతుందా, మాటలో దోషం లేకపోయినా పేరుకు దోషం అంటుకుంటుందా అన్నవే ఆ ప్రశ్నలు.

స్ప్లాష్ మౌంటెన్ కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1989 జులై 17న ప్రారంభమైంది. 1992లో ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనూ టోక్యో డిస్నీల్యాండ్‌లోనూ అదే పేరుతో మరో రెండు వెలిశాయి. దుంగను తొలిచి చేసినట్లుండే పడవలో కూర్చున్నవారు కాలువ వెంట మెల్లగా సాగుతూ, కుందేలు, నక్క, ఎలుగుబంటి బొమ్మలు ఆడే కథను చూసుకుంటూ వెళ్లి, చివర కొండ మీది నుంచి దాదాపు 50 అడుగుల దిగువన ఉన్న ముళ్లపొదలోకి జారి, తడిసి ముద్దయి బయటికొస్తారు. టోనీ బ్యాక్స్‌టర్ నాయకత్వంలో రూపకల్పన జరుగుతున్నప్పుడు దీనికి అనుకున్న పేరు ‘జిప్-ఎ-డీ రివర్ రన్’. అప్పటి సంస్థ అధినేత మైకేల్ ఐస్నర్ 1984లో వచ్చిన తమ ‘స్ప్లాష్’ సినిమా పేరు ఇందులో చేరితే దానికీ ప్రచారం దొరుకుతుందని భావించడంతో ఇప్పుడందరికీ తెలిసిన పేరు పుట్టింది. ఆ సినిమా ఒక మత్స్యకన్య కథ కాగా, ఈ కొండలో మత్స్యకన్య ఎక్కడా కనిపించదు. అంటే కొన్ని తరాలు ప్రాణంగా చూసుకున్న ఈ పేరు పుట్టుకలో వస్తుస్వభావం పాలు కొంతే, వ్యాపార అవసరం పాలు ఎక్కువ.

ఇలా పెట్టేవారి ఇష్టాన్ని బట్టి పుట్టే పేర్లను వ్యాకరణశాస్త్రం ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించింది. జాతిని తెలిపేవి, గుణాన్ని తెలిపేవి, క్రియను తెలిపేవి, యదృచ్ఛగా పుట్టినవి అని పతంజలి మహాభాష్యం శబ్దాలను నాలుగు విధాలుగా విభజిస్తుంది. ఇందులో చివరివైన యదృచ్ఛా శబ్దాలకు శాస్త్రకారులు డిత్థుడు, డవిత్థుడు వంటి పేర్లను ఉదాహరణగా చూపుతారు. ఆ అక్షరాలలో ఆ మనిషి గుణం గానీ పని గానీ ఏమీ లేదు, పెట్టినవారి ఇష్టం ఒక్కటే ఉంది. అటువంటి పేరుకు నిజంగా శక్తి ఉందా, అంటే అర్థాన్ని నేరుగా బోధించే సామర్థ్యం ఉందా అన్న చర్చ న్యాయసిద్ధాంతముక్తావళిలో కనిపిస్తుంది. మాటకు శక్తి ఈశ్వరేచ్ఛ వల్ల వస్తుందని నమ్మిన ప్రాచీనులు, నిన్నమొన్న పుట్టిన శిశువు పేరుకు ఆ శక్తి ఎలా వచ్చిందని ప్రశ్నించుకొని, తండ్రి నామకరణం చేయాలని శాస్త్రం విధించింది గనుక ఆ విధి ద్వారా అక్కడా ఈశ్వరేచ్ఛ ఉన్నదని సమాధానం చెప్పుకున్నారు. బారసాలనాడు పళ్లెంలో పరిచిన బియ్యం మీద బంగారు ఉంగరంతో తండ్రి చేత బిడ్డ పేరు రాయించే తెలుగు ఇళ్లలో ఆ విశ్వాసం నేటికీ ఆచారంగా నిలిచే ఉంది. శాస్త్రవిధి లేకుండా మనుషులు తమ అవసరానికి కల్పించుకున్న సంకేతాలకు మాత్రం శక్తి లేదని ప్రాచీన సంప్రదాయం. ఇక్కడ నవ్యనైయాయికులు ఒక అడుగు ముందుకు వేసి, శక్తికి మూలం ఈశ్వరుడి ఇచ్ఛే కానక్కరలేదనీ, ఇచ్ఛ ఉంటే చాలుననీ, కాబట్టి ఆధునికులు కల్పించిన పేర్లకు కూడా శక్తి ఉన్నదనీ తేల్చారు.

నవ్యుల నిర్ణయం స్ప్లాష్ మౌంటెన్ వంటి పేరుకు పూర్తి గౌరవం ఇస్తుంది, కానీ మరో ప్రశ్నను కూడా తెస్తుంది: ఇచ్ఛ అంటే ఎవరి ఇచ్ఛ? పేరును ప్రకటించింది సంస్థే అయినా, ఆ ప్రకటన ఒక్కటే పేరును బతికించలేదు. శబ్దార్థాన్ని గ్రహించే మార్గాలలో వృద్ధవ్యవహారం ప్రధానమని శాస్త్రం చెబుతుంది; పెద్దవాడు ఆవును తెమ్మనగా మరొకడు తేవడం చూసి పిల్లవాడు మాటను నేర్చుకున్నట్లు, భాష అంతా ముందుతరం వాడుకను చూసి వెనుకతరం పట్టుకున్నదే. 1989లో పిల్లలుగా ఆ పడవెక్కినవారు తరువాత తమ పిల్లల చేయి పట్టుకొని అదే వరుసలో నిలబడి, భయమేస్తుందా అని అడుగుతూ ఆ పేరును వారికి అప్పగించారు. సంస్థ చేతిలో ప్రచారసాధనంగా మొదలైన పేరు అలా కుటుంబాల జ్ఞాపకాలకు గుర్తుగా స్థిరపడింది. అందువల్ల పేరు మారుతుందని తెలిసినప్పుడు అభిమానులు పడిన బాధను బొమ్మలాట మీది మోజుగా కొట్టిపారేయడం అన్యాయం. పేరుకు శక్తినిచ్చిన ఇచ్ఛలో వారి భాగమూ ఉంది.

శాస్త్రపరిభాషలో చెప్పాలంటే స్ప్లాష్ మౌంటెన్ కాలక్రమాన యోగరూఢి అయింది. అవయవాల అర్థం కలిసి ఏర్పడిన పదం యౌగికం. అవయవాలతో పని లేకుండా వాడుక బలం వల్లనే అర్థాన్నిచ్చేది రూఢి. రెండూ కలిసినది యోగరూఢి. బురదలో పుట్టినది అన్న అర్థం ఉన్నా పంకజం అంటే తామర ఒక్కటే అయినట్లు, నీళ్లు చిందే కొండ అన్న అర్థం ఉన్నా ఆ పేరు ఈ ఒక్క రైడ్‌కే చెల్లింది. దానికి తోడు డిస్నీ పార్కులలో స్పేస్ మౌంటెన్, బిగ్ థండర్ మౌంటెన్ అప్పటికే ఉండడంతో, అభిమానులు ఈ మూడింటినీ కలిపి ఒక పర్వతశ్రేణిగా చెప్పుకొనేవారు. కొత్త పేరులో కొండ అన్న మాట లేకపోవడం వల్ల ఆ వరుస తెగిందన్న అభ్యంతరానికి ఇదే ఆధారం.

పేరు మారితే వస్తువు మారుతుందా అన్న రెండో ప్రశ్నకు పాశ్చాత్య తత్త్వవేత్తలిద్దరి ఆలోచనలు ఉపకరిస్తాయి. సంజ్ఞానామం వస్తువును చూపుతుందే గాని దాని గుణాలేవీ చెప్పదని జాన్ స్టువర్ట్ మిల్ 1843లో ప్రతిపాదించాడు. పేరు మొదట ఒక నామకరణంతో వస్తువుకు అంటుకొని, ఆపైన ఒకరి నుంచి మరొకరికి గొలుసులా అందుతూ వస్తుందనీ, వస్తువు వర్ణన ఎంత మారినా ఆ గొలుసు తెగనంతవరకు పేరు దానినే చూపుతుందనీ 1970లో ప్రిన్స్‌టన్‌లో చేసిన ఉపన్యాసాలలో సాల్ క్రిప్కే వివరించాడు. ఈ లెక్కన కాలువ అదే, ఏటవాలు అదే, చివరి దూకుడూ అదే గనుక పాత పేరుతో పిలిచేవారు ఇంకా పాత వస్తువునే పిలుస్తున్నారని చెప్పవచ్చు. దీనికి ఎదురుగా బౌద్ధగ్రంథమైన మిళిందప్రశ్నలోని రథ విచారణ నిలుస్తుంది: ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, నొగ కూడా కాదు, అన్నీ ఒక విధంగా అమరినప్పుడు వ్యవహారం కోసం రథమన్న పేరు ఏర్పడుతుందని భిక్షువు నాగసేనుడు మిళింద రాజుకు చూపిస్తాడు. బౌద్ధుడి దృష్టిలో కాలువ మిగిలింది గనుక రైడ్ మిగిలిందనడం, చక్రం మిగిలింది గనుక రథం మిగిలిందనడం వంటిదే. కథ, పాటలు, బొమ్మలు, పేరు కలిసిన అమరికనే జనం స్ప్లాష్ మౌంటెన్ అన్నారు. ఆ అమరిక అమెరికాలో 2023లో ముగిసింది, టోక్యోలో మాత్రం పాత పేరుతోనే కొనసాగుతోంది.

అన్నిటికన్నా బరువైనది మూడో ప్రశ్న. స్ప్లాష్ మౌంటెన్‌లోని కథకు ఆధారం 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ చిత్రం. జోయెల్ చాండ్లర్ హారిస్ రాసిన అంకుల్ రీమస్ కథలు దానికి మూలం. తోటల యజమానుల నీడలో నల్లజాతివారు సుఖంగా, సంతృప్తిగా బతికినట్లు చూపిందని ఆ చిత్రం విడుదలైన నాడే విమర్శకు గురైంది. అందులో రీమస్ పాత్ర ధరించిన జేమ్స్ బాస్కెట్, జాతి వేర్పాటు అమలులో ఉన్న అట్లాంటా నగరంలో జరిగిన తొలి ప్రదర్శనకు హాజరు కాలేకపోయాడు. సినిమాకు ముఖమైన మనిషికి ఆ సినిమా వేడుకలో చోటు లేకపోయింది. ఈ చిత్రాన్ని డిస్నీ సంస్థ అమెరికాలో ఇళ్లలో చూసే వీడియోగా ఎన్నడూ విడుదల చేయలేదు. రైడ్‌ను నిర్మించినప్పుడు కూడా మూలకథలో కుందేలును పట్టే తారుబొమ్మను తొలగించి, ఆ చోట తేనెపట్టును పెట్టారు. ఆ కథలో నొప్పించేదేదో ఉన్నదని నిర్మాతలకు అప్పటికే తెలుసునని ఆ ఒక్క మార్పే చెబుతుంది.

పేరులో ఏ జాతినీ కించపరిచే మాట లేదు గనుక కథను మార్చి పేరును ఉంచితే సరిపోయేదని కొందరు అభిమానులు వాదించారు. ఈ వాదం నిజాయితీగలదే, కానీ మాట అర్థాన్ని ఒక్క మెట్టు దగ్గరే ఆపివేస్తుంది. భారతీయ అలంకారశాస్త్రం అర్థానికి మూడు వృత్తులను చెబుతుంది: నేరుగా వచ్చే అర్థానికి అభిధ, నేరు అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన మరో అర్థాన్ని పట్టుకోవడానికి లక్షణ, వీటికి మించి స్ఫురించే అర్థానికి వ్యంజన. గంగలో గొల్లపల్లె ఉన్నదంటే, ప్రవాహంలో పల్లె ఉండదు గనుక గంగ ఒడ్డున ఉన్నదని లక్షణ వల్ల తెలుస్తుంది; ఆ పల్లె చల్లదనం, పావనత్వం వ్యంజన వల్ల స్ఫురిస్తాయి. అభిధ అందరికీ ఒకటే, వ్యంజన మాత్రం వినేవారి అనుభవాన్ని బట్టి మారుతుంది. ఒకరికి అమ్మానాన్నలతో గడిచిన వేసవిని స్ఫురింపజేసిన పేరే, మరొకరికి తమ పూర్వుల కష్టాన్ని వేడుకగా మార్చిన సినిమాను స్ఫురింపజేసింది. రెండు స్ఫురణలూ నిజమే. మొదటిది తీపి జ్ఞాపకం కావడం వల్ల రెండోది అబద్ధం కాదు.

2020 మే నెలలో నల్లజాతీయుడైన జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరువాత అమెరికా అంతటా లేచిన ఆందోళన నడుమ, రైడ్ కథను మార్చాలన్న కోరిక బలపడి, జూన్‌లో సంస్థ మార్పును ప్రకటించింది. కొత్త పేరు 2022లో వెలువడింది. ఫ్లోరిడాలో 2024 జూన్ 28న, కాలిఫోర్నియాలో అదే ఏడు నవంబరు 15న కొత్త రూపం తెరుచుకుంది. టియానా 2009 నాటి ‘ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’ చిత్ర నాయిక, డిస్నీ రాకుమార్తెలలో తొలి ఆఫ్రికన్ అమెరికన్. న్యూ ఆర్లియన్స్ నగరంలో పేరుపొందిన వంటగత్తె లియా చేజ్ జీవితం ఆ పాత్రకు ప్రేరణ. బాయూ అంటే లూసియానా చిత్తడి నేలల్లో మెల్లగా పారే నీటిపాయ. సొంత హోటల్ కోసం కష్టపడిన నల్లజాతి యువతి పేరు, ఆమె నేల పేరు ఒక పెద్ద కట్టడం నుదుటి మీదికి ఎక్కడం చిన్న విషయం కాదు. అయినా కొత్త పేరు మీద వచ్చిన విమర్శలలో ఒకటి ఆలోచించదగినది: అడ్వెంచర్ వంటి అరిగిన మాటతో ముగిసే ఈ పేరు అంతా తానే చెప్పేసి, ఊహకు ఏమీ మిగల్చదని ఆ విమర్శకుల ఫిర్యాదు. ఇది టియానాను కాదనడం కాదు, అభిధతోనే ఆగిపోయిన పేరులో వ్యంజన లేదని చెప్పడం. న్యాయంగా ఉండాలన్న తపనతో పెట్టిన పేరు అందంగా కూడా ఉండాలని కోరడంలో తప్పు లేదు. ఈ కోరికనూ జాతి ద్వేషాన్నీ ఒకే గాటన కట్టడం ఆ వాదంలో జరిగిన నష్టాలలో ఒకటి.

ఇదే సంస్థకు చెందిన మరో రైడ్ ఈ ప్రశ్నను హిందువుల ఇంటి ముంగిటికి తెస్తుంది. ఫ్లోరిడాలోని యానిమల్ కింగ్‌డమ్ పార్కులో, ఆనందపురమనే కల్పిత రాజ్యం నేపథ్యంగా 1999లో మొదలైన తెప్పల రైడ్‌కు తొలుత అనుకున్న పేరు ‘టైగర్ ర్యాపిడ్స్ రన్’. తెరిచేనాటికి అది ‘కాళీ రివర్ ర్యాపిడ్స్’ అయింది. కాళి అన్నది భారతదేశంలో నదుల పేరు కూడా కనుక అభిధలో లోపం లేదు. కానీ నామానికీ నామికీ భేదం లేదని నమ్మి జపం చేసే భక్తుడికి ఆ మాట ముందుగా నదిని చూపదు, అమ్మను చూపుతుంది. అడవుల నరికివేత వల్ల కలిగే వినాశాన్ని ఆ రైడ్ చూపుతుంది గనుక ఉగ్రమూర్తి పేరు అక్కడ తగినదేనని ఒకరు సంతోషించవచ్చు, దేవత పేరు తడిసి నవ్వుకొనే ఆటకు చేరిందని మరొకరు నొచ్చుకోవచ్చు. తన దేవత నామం విషయంలో ఈ నొప్పిని అర్థం చేసుకోగల తెలుగు పాఠకుడికి, స్ప్లాష్ మౌంటెన్ విషయంలో నల్లజాతివారి నొప్పిని అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు.

ఈ పరిశీలన నుంచి తేలే సిద్ధాంతం ఇది: పేరు పెట్టడం యజమాని హక్కే అయినా, పిలుపులో పడిన పేరు ఉమ్మడి సొత్తు అవుతుంది, ఉమ్మడి సొత్తు మీద ప్రేమ ఎంత గొప్పదైనా, అందులో భాగస్థులైన తక్కినవారి గాయాన్ని కాదనే అధికారం ఆ ప్రేమకు రాదు. ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు తాను చదివిన విద్యలన్నిటినీ ఏకరువు పెట్టినప్పుడు, అవన్నీ నామమేనని సనత్కుమారుడు అంటాడు; అయినా నామాన్ని తృణీకరించకుండా, బ్రహ్మంగా ఉపాసించమని చెప్పి, నామం కన్నా గొప్పదాని వైపు మెట్టు మెట్టుగా నడిపిస్తాడు. పేరును ప్రేమించినవారిని పరిహసించకుండానే, పేరు దగ్గరే ఆగిపోవద్దని చెప్పే ఆ పద్ధతి ఈ వాదానికీ సరిపోతుంది. అభిమానులు కాపాడుకోవలసింది ఒకే పడవలో పక్కపక్కన కూర్చున్నవారి మధ్య పుట్టిన ఆత్మీయత; ఆ పడవలో కూర్చున్న ప్రతి ఒక్కరూ తల దించుకోకుండా పలకగల పేరే దానికి తగినది.