పరాయి పేరుతో ప్రయాణం

మొన్న పండక్కి మా అపార్టుమెంటు ఆడవాళ్ళ వాట్సాప్‌లో ఒకావిడ రాసింది: "మా ప్రయాణం ఆగిపోయింది. విశాఖపట్నానికి రెండు బెర్తులున్నాయి. సగం ధరకే ఇస్తాం." ఐదు నిమిషాల్లో ముగ్గురు "నాకు, నాకు" అన్నారు. నేను మాత్రం నోరు మెదపలేదు. కారణం మా అత్తగారు.

1990ల నాటి మాట. అప్పట్లో సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళం. సంక్రాంతికి రమ్మని మా ఆడపడుచు ఉత్తరం రాసింది. పండగ ముందు బెజవాడలో రైలు టికెట్టు దొరకడమంటే మాటలా? పక్కింటి పిన్నిగారి ప్రయాణం ఆగిపోతే, ఆవిడ టికెట్టు మేం తీసుకున్నాం. ఉన్న ధరకే ఇచ్చింది, పైసా ఎక్కువ పుచ్చుకోలేదు. టికెట్టు ఆవిడ పేరు మీదా, వాళ్ళ అత్తగారి పేరు మీదా ఉంది. "ఎవరైనా అడిగితే ఆ పేర్లే చెప్పండమ్మా, ఏమీ కాదు" అంది.

రైలెక్కింది మొదలు మా అత్తగారికి పాఠం చెబుతూనే ఉన్నాను. అసలే మావయ్యగారి పేరు అడిగితే రేషను కార్డు చేతికిచ్చి "చదువుకోండి" అనే మనిషి! ఏలూరు దాటాక టీసీ వచ్చి "మామ్మగారూ, మీ పేరేమిటి?" అన్నాడు. ఆవిడ ఇంటిపేరుతో సహా తన సొంత పేరు చెప్పేసింది.

ఇంకేముంది? జరిమానా కట్టాం, బెర్తులు పోయాయి. మా ఎదురుగా ఒకమ్మాయి చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని బెజవాడ నుంచీ సగం సీటులో ఒదిగి కూర్చుంది. ఆర్.ఏ.సి. వరసలో ముందున్నది ఆ అమ్మాయేనట. ఒక బెర్తు ఆమెకిచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "అంతా మీవల్లే" అన్నాను అత్తగారితో.

"అది మా నాన్న పెట్టిన పేరే అమ్మా! రైలెక్కడం కోసం ఇంట్లో వదిలేసి రమ్మంటే ఎలా?" అంది ఆవిడ.

ఆ అమ్మాయి పిల్లను పడుకోబెట్టి, "మామ్మగారూ, మీరిలా కూర్చోండి" అని కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది. నేను పెట్టె మీద కూర్చుని తెల్లారేదాకా ఆలోచించాను. ఇంతకీ ఆ బెర్తు ఎవరిది?

పిన్నిగారు మోసం చెయ్యలేదు. మేమూ దొంగలం కాము. ఆవిడ డబ్బు ఆవిడకి దక్కింది, మా ప్రయాణం మాకు కుదిరింది. కానీ ఆవిడ టికెట్టు రద్దు చేసుకుని ఉంటే ఆ బెర్తు ముందే వరసలో ఉన్నవాళ్ళకి వెళ్ళేది. మేమిద్దరం చేసుకున్న ఉపకారానికి మూడో మనిషి చంటిపిల్లతో ఖరీదు కట్టింది. ఆ మూడో మనిషి కంటికి కనబడదు గనకనే మనకది తప్పుగా తోచదు.

1989 రైల్వే చట్టం 142వ సెక్షనులో అమ్మినవాళ్ళతోపాటు కొన్నవాళ్ళకీ శిక్ష రాశారు. అమ్మినవాళ్ళకి మూడు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూనూ అని రాశారు! సక్రమమైన దారి లేకపోలేదు. బయల్దేరడానికి 24 గంటల ముందు రాసిస్తే తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్య, భర్త, కొడుకు, కూతురు - వీళ్ళలో ఒకరి పేరుకి టికెట్టు మార్చుకోవచ్చు. అదీ ఒక్కసారే. ఆ జాబితాలో అత్తాకోడళ్ళు లేరు సుమండీ!

ఈ రోజుల్లో ఇంకో చిక్కుంది. ఫోనులో టికెట్టు బొమ్మ పంపి డబ్బు తీసుకున్నవాళ్ళు, మర్నాడు దాన్ని రద్దు చేస్తే తిరిగొచ్చే సొమ్ము కూడా వాళ్ళ ఖాతాకే వెళుతుంది. ఆ బొమ్మనే నలుగురికి అమ్మినా మనకి తెలియదు. పైగా 2012 నుంచీ రిజర్వేషను మీద వెళ్ళేవాళ్ళలో ఒకరైనా గుర్తింపు కార్డు చూపించాలి. హాలిడే వోచర్లూ అంతే. అమ్మేవాళ్ళ మాట కాదు, ఇచ్చిన కంపెనీనే అడగాలి. మన పేరుకి మార్చామని వాళ్ళు రాసిచ్చాకే డబ్బు చెల్లించాలి.

ఆ రాత్రి వాట్సాప్‌లో నేనూ ఒక మాట రాశాను. "రద్దు చేసెయ్యండమ్మా. కొంత కోత పడుతుంది గానీ, వరసలో ఎవరో చంటిపిల్లతల్లి ఉంటుంది" అని.

ఆవిడ ఆ రోజు నుంచీ లిఫ్టులో నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది. ఆవిడ నష్టం ఆవిడది మరి! అయినా నా స్థానంలో ఉంటే మీరు రాసేవారా, ఊరుకునేవారా?